టెర్రేరియం జలపాతం: పంపు వైరు కనపడకుండా చేయడం ఎలా?

గులకరాయి (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. టెర్రేరియం (గాజు పెట్టెలో మొక్కల తోట) కడుతున్నాను, అందులో పంపుతో నడిచే చిన్న జలపాతం. పెట్టె 60 × 40 సెం.మీ., ఎత్తు 45. మామూలు గాజు, 5 మి.మీ. మందం. పైన రెండు ముక్కల గాజు మూత. వెనక గోడ ఇంకా మొదలుపెట్టలేదు. ఎడమ వైపు నీళ్ళ గుంట, లోతు 8 సెం.మీ. నీళ్ళు దూకే మూతి నీటిమట్టానికి 25 సెం.మీ. పైన వస్తుంది. పంపు 230 వోల్టులది, 6 వాట్లు. డబ్బా మీద గంటకు 400 లీటర్లు, ఎత్తు 0.8 మీటర్లు అని ఉంది. నల్లటి గుండ్రటి వైరు, మీటరున్నర పొడవు, చివర పోతపోసిన రెండు పిన్నుల ప్లగ్గు.

వైరును గాజుకు ఆనించి దాని మీదే ఫోమ్ (వెనక గోడకు డబ్బాలోంచి కొట్టే నురగ, ఆరితే గట్టిపడేది) కొట్టేయొచ్చా? లేకపోతే కొబ్బరి తాడు చుట్టి ఊడలా కనిపించేట్టు చేయొచ్చా? మూత పూర్తిగా మూసుకోవాలంటే వైరు ఎటునుంచి తీయాలి? ప్లగ్గు లావుగా ఉంది, కోసి మళ్ళీ కలిపితే ఏమన్నా అవుతుందా? లోపల ఫెర్న్‌లు, నాచు పెడతాను. తర్వాత చెర్రీ రొయ్యలు.

నాచుతోట

ఫోమ్‌లో వైరును పాతెయ్యొద్దండీ. ఈ చిన్న పంపులు ఎప్పటికీ ఉండేవి కావు. పంపు పోయిన రోజున వైరు గోడలో ఇరుక్కుని ఉంటే, గోడ తవ్వడం తప్ప దారి ఉండదు. పీయూ ఫోమ్ వైరు తొడుగును గట్టిగా పట్టేస్తుంది, లాగితే రాదు. తవ్వేటప్పుడు కత్తి వైరుకు తగిలితే ఇంకో తలనొప్పి.

దాచాల్సింది వైరును కాదు, వైరు వెళ్ళే దారిని. గోడ కట్టకముందే వెనక ఎడమ మూలలో 20 మి.మీ. కాండ్యూట్ పైపు (వైరింగుకు వాడే ప్లాస్టిక్ గొట్టం) నిలబెట్టండి. కింది మూతి గుంటలోకి, పై మూతి గాజు అంచుకు 2 సెం.మీ. కిందికి. దాని చుట్టూ ఫోమ్ కొట్టి చెక్కుకోండి. వైరు పైపులోంచి పోతుంది. మార్చాల్సి వస్తే పాత వైరుకు దారం కట్టి లాగి, అదే దారంతో కొత్తది ఎక్కించుకోవచ్చు.

తడిరాయి

కాండ్యూట్ ఆలోచన మంచిదే కానీ ఈయన పంపుకు పనికిరాదు. ప్లగ్గు పోతపోసినదని రాశారు చూడండి. ఆ రకం చిన్న ప్లగ్గు కూడా అడ్డంగా 35 మి.మీ. ఉంటుంది. 20 మి.మీ. పైపులో పట్టదు, 25లోనూ పట్టదు. రెండో కొసన పంపు ఇంకా లావు. పోనీ అని 50 మి.మీ. పైపు పెడితే మూలంతా స్తంభంలా తయారవుతుంది, 40 సెం.మీ. లోతున్న పెట్టెలో అది దాగదు.

ప్లగ్గు కోసి, వైరు ఎక్కించి, బయట కొత్త ప్లగ్గు బిగించుకోవచ్చు. లేదంటే 12 వోల్టుల పంపుకు మారడం మేలు.

కరెంటాయన

ప్లగ్గు సంగతి ముందు తేల్చేద్దాం. కోసేది ప్లగ్గు దగ్గరే అయి, కొత్త ప్లగ్గు ఎప్పుడూ పొడిగా ఉండే చోటే ఉంటే పరవాలేదు, కాకపోతే వారంటీ పోతుంది. మధ్యలో కోసి అతుకు వేసి, ఆ అతుకును పెట్టెలో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. టేపు చుట్టినా, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) వేసినా, పైన సిలికాన్ పూసినా 230 వోల్టుల అతుకు తేమలో ఉండకూడదు. ఈ పంపుల్లో వైరు లోపలికి వెళ్ళే చోట ఎపాక్సీ జిగురు పోసి మూసేస్తారు. నీళ్ళలో పనిచేసే భద్రత అంతా ఆ ముద్దలోనే ఉంది. అలాంటి ముద్ద మనం చేతితో వెయ్యలేం.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వైరు తొడుగుకు నీళ్ళ అడుగున చిన్న గాటు పడితే, లోపలి రాగి పోగుల సందుల్లోంచి నీళ్ళు పైకి పాకుతాయి. పైన గాజు అంతా పొడిగానే ఉంటుంది, ప్లగ్గు లోపల మాత్రం పచ్చటి చిలుము కడుతుంది. ప్లగ్గు విప్పినప్పుడు రాగి పచ్చబడి ఉంటే ఆ పంపును పారెయ్యండి.

సిలికాన్ గురించి కూడా. పులిసిన వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆసిడ్ వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. గాజుకు, రాళ్ళకు అదే మంచిది. విప్పిన రాగి మీద మాత్రం పూయకండి.

ఇక దారి విషయం. కాండ్యూట్ బదులు కేసింగ్ క్యాపింగ్ పట్టీ, అంటే మూత ఉన్న ప్లాస్టిక్ కాలువ, వాడండి. ఇళ్ళలో గోడ మీద వైరింగుకు వాడేదే, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. 20 లేదా 25 మి.మీ. వెడల్పుది చాలు. మూత నొక్కితే పడుతుంది, గోరుతో లేపితే వస్తుంది. వైరును ముందు నుంచి పెట్టుకుంటాం కాబట్టి ప్లగ్గు ఎంత లావున్నా అడ్డం కాదు, దేన్నీ కోసే పని లేదు.

నాచుతోట

కేసింగ్ పట్టీ మాట ఒప్పుకుంటున్నా, ఈ ప్లగ్గుకు నా కాండ్యూట్ కుదరదు. కాకపోతే నీళ్ళ ట్యూబుకు కాండ్యూటే సరైనది. ట్యూబుకు ప్లగ్గు ఉండదు కదా. 8 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న ట్యూబు బయట కొలత 10 నుంచి 12 ఉంటుంది, 20 మి.మీ. కాండ్యూట్‌లో సులువుగా జారుతుంది. కింద మాత్రం మోచేతి వంపు పెట్టకండి, ట్యూబు అక్కడే ఇరుక్కుంటుంది. నిటారు ముక్క చాలు.

ట్యూబూ వైరూ వేర్వేరు దారుల్లో పోవాలి. ఒకే పట్టీలో పెడితే ట్యూబు అతుకు దగ్గర కారిన చుక్క వైరు పట్టుకుని నేరుగా బయటికి నడుస్తుంది.

గులకరాయి

కేసింగ్ పట్టీ బాగా నచ్చింది. దాన్ని గాజుకు సిలికాన్‌తో అంటిస్తే నిలుస్తుందా? కొబ్బరి తాడు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఫెర్న్‌పిచ్చి (రాజాజీనగర్)

కొబ్బరి తాడు అంటే దీపం వత్తి అనుకోండి. కింది కొస నీళ్ళలో ఉంటే పైదాకా తడి లాగుతుంది. అదే తాడు గాజు అంచు దాటి బయటికి వేలాడిందా, రాత్రంతా బొట్టుబొట్టుగా టేబుల్ మీదికి కారుతూనే ఉంటుంది. పైగా ఆ తడి వైరు వెంబడి సాకెట్ దాకా పోతుంది. పీచు కూడా ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్ళి జిగురు పడుతుంది. మొదట్లో నీళ్ళను టీ డికాక్షన్‌లా చేస్తుంది కూడా, రొయ్యలకు అది నష్టం కాకపోయినా చూడ్డానికి బాగుండదు.

ఊడ కావాలంటే వైరు మీద నేరుగా సిలికాన్ పలచగా పూసి కొబ్బరి పొట్టు అద్దండి. వైరు తొడుగుకు సిలికాన్ గట్టిగా అంటదు, లాగితే తొక్కలా ఊడొస్తుంది. పంపు మార్చేటప్పుడు మనకు కావాల్సింది అదే. ఎలాగైనా సరే, గాజు అంచుకు 5 సెం.మీ. కిందే ఈ పూత ఆపేసి, అక్కడి నుంచి పూత లేకుండా వైరు ఉంచండి.

నాచు కూడా ఇదే పని చేస్తుంది, గమనించండి. వైరు మీద నాచు పాకి అంచు దాటితే అదీ వత్తే. నెలకోసారి అంచు దగ్గర రెండు వేళ్ళ వెడల్పున గీకేయాలి. చదునుగా ఉండే రెండు పాయల వైరైతే మధ్య గాడిలో నీళ్ళు నాచు లేకపోయినా ఎక్కుతాయి. మీది గుండ్రటిది, అంత బాధ లేదు.

కరెంటాయన

కేసింగ్ అంటించడం గురించి: ప్లాస్టిక్ పట్టీకి సిలికాన్ సరిగా పట్టదు, ఇప్పుడే పైన చెప్పారు కదా, అదే లక్షణం ఇక్కడ మనకు ఎదురు తిరుగుతుంది. పట్టీ వీపును 80 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చెయ్యండి. ప్రతి 5 సెం.మీ.కు ఒక 4 మి.మీ. చిల్లు వెయ్యండి. వెనక సిలికాన్ పెట్టి నొక్కితే చిల్లుల్లోంచి ముందుకు పొంగుతుంది. ఆ పొంగును వేలితో అదిమితే ఆరాక మేకు తలలా పట్టీని పట్టుకుంటుంది. అదిమింది పలచగా ఉండాలి, లేకపోతే వైరుకు చోటు మిగలదు. ఒక రోజు కదపొద్దు.

పట్టీ కింది కొస నీటిమట్టానికి ఒక సెంటీమీటరు పైన ఆగాలి. అక్కడి నుంచి పంపు దాకా వైరు రాళ్ళ వెనక పోతుంది.

తడిరాయి

ఫోమ్ దగ్గర కొన్ని మెలకువలు, ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

డబ్బాలోంచి వచ్చినది రెండు మూడింతలు ఉబ్బుతుంది. ఉబ్బేటప్పుడు కేసింగ్ పక్క గోడల్ని లోపలికి నొక్కుతుంది, తర్వాత మూత పడదు. అందుకే ఫోమ్ కొట్టే ముందు పట్టీలో వైరు లావు ఉన్న పాత పైపు ముక్కో, స్ట్రాల కట్టో పెట్టి, మూత వేసి, మూత మీద సెల్లో టేపు వేసెయ్యండి. ఆరాక టేపుతో పాటు పైన పడ్డ ఫోమ్ కూడా ఊడొస్తుంది.

ఒకేసారి 3, 4 సెం.మీ. కంటే మందంగా కొట్టొద్దు. అది గాలిలో తేమతో గట్టిపడుతుంది. మరీ మందమైతే పైన పెచ్చు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, చెక్కేటప్పుడు కత్తికి బంకలా అంటుతుంది. గాజు మీద ముందు స్ప్రే సీసాతో సన్నగా తడి చల్లితే మేలు.

మామూలు నున్నటి గాజుకు ఫోమ్ పట్టు నమ్మకం లేదు. ముందు సిలికాన్ గీతలు గీసి, అవి ఆరాక వాటి మీద ఫోమ్ కొట్టాలి. నీళ్ళ అడుగున ఫోమ్ అసలు వద్దు. అది తేలే సరుకు, ఎప్పుడూ పైకి నెడుతూ ఉంటుంది, ఒక రోజు గోడ మొత్తం లేచొస్తుంది. నీటిమట్టం కంటే 2 సెం.మీ. పైనుంచే మొదలుపెట్టి, కింద 10 సెం.మీ. రాయి పేర్చండి.

గాలిబుడగ

అసలు పెట్టెలోకి వైరే రాకుండా చేస్తే? బయట ఎయిర్ పంపు పెట్టి, లోపలికి సన్నటి గాలి గొట్టం ఒక్కటే పంపి, గాలితో నీళ్ళను ఎత్తొచ్చు. కరెంటు నీళ్ళ దగ్గరికే రాదు.

తడిరాయి

లోతు నీళ్ళున్న చోట మంచి ఉపాయం. ఇక్కడ నీళ్ళు 8 సెం.మీ., ఎత్తాల్సింది 25. గాలితో ఎత్తాలంటే గొట్టం ఎంత మునిగి ఉందనేదే లెక్క. మునిగిన భాగం మొత్తం పొడవులో సగం దాకా ఉంటే ధార వస్తుంది. 33లో 8 అంటే పావు వంతు కూడా లేదు. మూతి దగ్గర అప్పుడప్పుడు తుప్పర తప్ప జలపాతం రాదు.

బండల మీద తడి జారడం చాలనుకునేవాళ్ళకు, అది కూడా 5, 6 సెం.మీ. ఎత్తుకైతే పనికొస్తుంది. అప్పుడు ఎయిర్ పంపు నీటిమట్టం కంటే పైన ఉండాలి, లేదా గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వు పెట్టాలి. కరెంటు పోతే నీళ్ళు గొట్టం గుండా పంపులోకి వచ్చేస్తాయి. మన ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందే.

గులకరాయి

ఇక మూత మిగిలింది. వెనక గాజుకు చిల్లు వేయించి పీజీ7 గ్లాండ్ (చిల్లులో వైరును బిగించి పట్టే బిరడా) బిగించమని షాపులో అన్నారు.

కరెంటాయన

దానికి సుమారు 12.5 మి.మీ. చిల్లు కావాలి, 3 నుంచి 6.5 మి.మీ. గుండ్రటి వైరును పట్టుకుంటుంది. మళ్ళీ అదే కథ: మీ ప్లగ్గు అందులోంచి పోదు. 12 వోల్టుల పంపైతే రెండు తీగల కొసను గ్లాండ్‌లోంచి తీసి, బయట స్క్రూలతో బిగించే పిన్ను పెట్టుకోవచ్చు. మీకు అది అనవసరం.

పెట్టెలు చేసే గాజు కొట్టువాడికే మూత ముక్క ఇచ్చి, వెనక ఎడమ మూలను త్రికోణంగా కోయించండి. రెండు వైపులా 20 మి.మీ. చాలు. శివాజీనగర్‌లో అక్వేరియం సామాన్లు అమ్మే చోట కూడా ఈ పని చేసిపెడతారు. కోసిన అంచును తడి సానరాయితో రుద్దించండి. ఆ పదును వైరు తొడుగును మెల్లగా కోసేస్తుంది. వైరు ఆ సందులో పడుకుంటుంది, మిగిలిన ఖాళీలో ఫిల్టర్ స్పాంజ్ ముక్క కుక్కితే తేమ నిలుస్తుంది, దోమలు దూరవు. స్పాంజ్ లోపలి తడికి తగలకూడదు, లేకపోతే అదీ వత్తవుతుంది.

మూత టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజైతే కోయడం, చిల్లు వెయ్యడం రెండూ కుదరవు, కోత పెట్టగానే చిన్న చిన్న ముక్కలైపోతుంది. పోలరాయిడ్ కళ్ళద్దాలతో పగటి వెలుగులో చూస్తే టఫెన్డ్ గాజు మీద మసక మచ్చలు కనిపిస్తాయి.

బయట వైరు సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి, మళ్ళీ పైకి లేచి ప్లగ్గులోకి పోవాలి. పాకిన చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది. టేబుల్ కింద నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పడేయడం అన్నిటికంటే చెడ్డది, వంపు తిరగడానికి చోటే ఉండదు. బోర్డును టేబుల్ కాలికి పక్కగా, నేల నుంచి అడుగున్నర పైన స్క్రూతో బిగించండి.

ఆ లైనుకు, కరెంటు లీకైతే లైను కట్టేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకోండి, టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఇలాంటి ప్లాస్టిక్ పంపుకు ఎర్త్ తీగ ఉండదు. లోపల పగిలితే నీళ్ళలోకి కరెంటు వచ్చినా, ఎవరన్నా చెయ్యి పెట్టేదాకా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకడమే.

ఫెర్న్‌పిచ్చి (రాజాజీనగర్)

12 వోల్టులకు మారాలనుకుంటే ఒక హెచ్చరిక. ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ కొట్లలో దొరికే చిన్న పంపుల మీద గంటకు 240 లీటర్లు, 3 మీటర్లు అని ఉంటుంది. వాటి వైరు తరచూ పొట్టిగా ఉంటుంది, రెండు బోడి తీగలతో ముగుస్తుంది. 45 సెం.మీ. పెట్టెలో ఆ అతుకు గోడలోనే పడుతుంది. వోల్టులు తక్కువైనా తేమలో అతుకు ఆకుపచ్చబడి తెగిపోతుంది. మీటరుకు పైన వైరు ఉన్నదే కొనండి. మోత కూడా కొంచెం ఎక్కువే, 9 వోల్టుల అడాప్టర్ పెడితే తగ్గుతుంది. రౌటర్ కోసం కొన్న 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఇంట్లో ఉంటే కరెంటు పోయినప్పుడు దీన్నీ నడుపుతుంది, అదొక్కటే నాకు నచ్చిన సౌలభ్యం.

5 వోల్టుల యూఎస్‌బీ పంపుకు పొడవాటి సన్న వైరు వేస్తే వైరులోనే అర వోల్టు దాకా పోతుంది, ధార పడిపోతుంది.

నాచుతోట

పంపు పెట్టే చోటు ఎవరూ రాయలేదు. 110 మి.మీ. పీవీసీ పైపు ముక్క, 10 సెం.మీ. ఎత్తు. చుట్టూ హాక్సా బ్లేడుతో 3 మి.మీ. సందులు, దిగువన ఎక్కువ. బయట ముతక స్పాంజ్ చుట్టి, పై అంచున వైరుకు, ట్యూబుకు రెండు గాట్లు పెట్టండి. పైన పలక రాయి మూత. చుట్టూ గులకరాళ్ళు పేరిస్తే అక్కడ గొట్టం ఉందని తెలియదు.

స్పాంజ్ మురికి పట్టిందంటే పెట్టెలో నీళ్ళు నిండుగా ఉన్నా గొట్టం లోపల మట్టం పడిపోతుంది, పంపు గాలి పీల్చి గరగరమంటుంది. అలాగే వదిలేస్తే ఇరుసు అరిగిపోతుంది. ఆ శబ్దం వినగానే స్పాంజ్ పిండడమే.

ధార విషయానికొస్తే, 0.8 మీటర్లన్నది నీళ్ళు ఆగిపోయే ఎత్తు. 25 సెం.మీ. దగ్గర మీకు సుమారు మూడింట రెండు వంతులు, అంటే 270 లీటర్ల వరకు వస్తుంది. ఈ పెట్టెకు అది ఎక్కువే. చిమ్మిన తుప్పర కేసింగ్ మీద పడుతుంది. పంపు మీది తిప్పుడు మీటతో తగ్గించండి. నీళ్ళు దూకే మూతి కేసింగ్‌కు కనీసం 12 సెం.మీ. దూరంలో ఉండాలి.

గాలిబుడగ

బోరు నీళ్ళా, కావేరీ (కుళాయి) నీళ్ళా? బోరు నీళ్ళైతే ఎంత దాచినా లాభం లేదు. తడి ఎక్కడ ఎక్కి ఆరుతుందో అక్కడ తెల్ల సున్నం గీత పడుతుంది. నల్ల వైరు మీద, కేసింగ్ సందు పొడుగునా ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది.

గులకరాయి

అపార్ట్‌మెంట్‌లో బోరూ ట్యాంకరూ కలిసి వస్తాయి. ఆర్‌ఓ నీళ్ళు పోస్తాను. అందరి మాటలూ కలిపి వరస ఇలా అనుకుంటున్నాను. మొదటి రోజు కేసింగ్, ట్యూబు కాండ్యూట్ అంటించి సిలికాన్ గీతలు. రెండో రోజు ఫోమ్ మొదటి పొర, మూడో రోజు రెండోది, నాలుగో రోజు చెక్కడం. తర్వాత సిలికాన్ పూసి కొబ్బరి పొట్టు అద్దడం, కేసింగ్ మూతకు కూడా. వారం ఆరబెట్టి నీళ్ళు పోయడం. ఏమన్నా తప్పిందా?

తడిరాయి

రెండు. కేసింగ్ మూతకు విడిగా, బయట కాగితం మీద పెట్టి పూయండి. పెట్టెలో బిగించి పూస్తే సిలికాన్ సందు మీదుగా గోడకు కలిసిపోతుంది, మళ్ళీ తెరుచుకోదు. మూత రెండు అంచుల్లో 2 మి.మీ. బోడిగా వదలండి, పక్క గోడ మీది కొబ్బరి పొట్టు ఆ సందును కప్పేస్తుంది. మూత పైకొసన చిన్న జిప్‌టై ముక్క అంటిస్తే లాగడానికి పట్టు ఉంటుంది, నాచు ఎదిగాక గోరు దూరదు.

రెండోది, సిలికాన్ బాత్‌రూమ్‌లకు అమ్మే బూజు పట్టని రకం కాకూడదు. అందులోని మందు రొయ్యలకు విషం. అక్వేరియంకు అని రాసి ఉన్నదే కొనండి. పులిసిన వాసన పూర్తిగా పోయాకే నీళ్ళు పోయాలి, వారం అన్నది లెక్క కాదు, ముక్కే లెక్క.

ఫెర్న్‌పిచ్చి (రాజాజీనగర్)

మొక్కలు పెట్టకముందే ఒక రోజంతా ఉత్త నీళ్ళతో నడపండి. వైరు బయటికొచ్చే మూల కింద, వైరు వంపు కింద న్యూస్‌పేపర్ పరవండి. పొద్దున్నే కాగితం మీద ఎక్కడ మచ్చ ఉంటే అక్కడే వత్తి. తర్వాత స్విచ్ కట్టేసి గుంట మట్టం చూడండి. పైన చిన్న తొట్టి ఏదైనా పెట్టి, ట్యూబు మూతి అందులో మునిగి ఉంటే, పంపు ఆగగానే ఆ తొట్టి నీళ్ళు మూతి మట్టం దాకా ట్యూబులోంచి వెనక్కి జారతాయి. గుంట పొంగి కేసింగ్ కింది కొస మునగకూడదు. మూతిని తొట్టి నీటికి ఒక సెంటీమీటరు పైన ఉంచితే ఆ గొడవే రాదు.

గులకరాయి

ట్యూబు మూతి నేను తొట్టిలో ముంచాలనే గీసుకున్నాను. మార్చేశాను. కేసింగ్ 25 మి.మీ.ది తీసుకున్నాను, 20లో మూత బిగుతుగా వచ్చి వైరును నొక్కుతోంది.

కరెంటాయన

25 సరే. వైరు అందులో వదులుగా ఉండాలి.